బొంగరం బట్టలు

మాది బట్టలు ఉతికే కొట్టు. బోర్డు మీద లాండ్రీ అని ఉంటుంది గానీ ఇంట్లో అందరం కొట్టు అనే అంటాం. కింద కొట్టు, పైన ఇల్లు. వీధివైపు గల్లాబల్ల, దాని వెనక ఇస్త్రీ గది, ఆ వెనక యంత్రాల గది. గల్లాబల్ల దగ్గర కూర్చునేది నేను. నాకు నోరెక్కువ కాబట్టి అక్కడ కూర్చోబెట్టారని అన్నయ్య అంటాడు. నిజమే అయ్యుంటుంది. తమ చేతులతో ఇచ్చిన చొక్కాను తమది కాదని దబాయించే వాళ్ళతో వేగాలంటే మెత్తగా ఉంటే కుదరదు.

యంత్రాలు అన్నయ్య చూస్తాడు, మరకలు వదిన చూస్తుంది, మా అందర్నీ నాన్న చూస్తాడు. వదిన ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాన్న ఆమెను పక్కన నిలబెట్టుకుని సిరా మరకకు ఏది వాడాలో, తుప్పు మరకకు ఏది వాడాలో, ఏ గుడ్డకు ఏది తగిలితే చిల్లు పడుతుందో ఓపిగ్గా నేర్పాడు. ఏడాది తిరిగేసరికి ఆమె ఆయనకే తప్పులు దిద్దే దాకా వచ్చింది. ఒక్క మరక మీద ఇద్దరూ వంగి, ఇది టీ అంటే కాదు తుప్పు అని పొద్దుపోయేదాకా వాదించుకునేవాళ్ళు. కన్నది కూతుర్నే అయినా పని మాత్రం కోడలికి వచ్చిందని నాన్న నా మొహం మీదే అనేవాడు. నేను మూతి ముడుచుకునేదాన్ని గానీ లోపల సంతోషంగానే ఉండేది. మా అమ్మ పోయాక నాన్నతో అంత చనువుగా మాట్లాడిన మనిషి మా ఇంట్లో వదిన ఒక్కతే.

నాన్నకు ఒక అలవాటు ఉంది. దాన్ని ఊళ్ళో సేవ అంటారు. ఎవరింట్లో మనిషి పోయినా మర్నాడు నాన్న వ్యాను వేసుకుని వెళ్ళేవాడు. పోయినవాళ్ళ బట్టలు, పక్క దుప్పట్లు, తువ్వాళ్ళు, చివరికి చేతిరుమాళ్ళతో సహా మూటకట్టి తెచ్చేవాడు. ఉతికి, చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి, ఆసుపత్రి దగ్గర తలదాచుకునే పేదవాళ్ళకు ఇచ్చి వచ్చేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. అలమర తెరిచినప్పుడల్లా ఆ ఇంటివాళ్ళు మళ్ళీ ఏడవకూడదు అనేవాడు. మా అమ్మ పోయినప్పుడు మొదలుపెట్టాడు. అప్పటికి నాకు ఊహ తెలిసీ తెలియని వయసు.

అలవాటు అంటువ్యాధిలా పాకింది. ఫోటో స్టూడియో ఆయన పోయినవాళ్ళ ఫోటో పెద్దది చేసి ఊరికే ఇవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీలు అద్దెకిచ్చే ఆయన ఆ రోజుకు అద్దె మానేశాడు. వర్తక సంఘం వాళ్ళు ఏటా నాన్నకు ఒక షీల్డు ఇచ్చేవాళ్ళు. వాటిలో ఒకటి బాగా బరువైంది, నాన్న చూడనప్పుడు నేను ఇస్త్రీ గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేదాన్ని. అయినా మా నాన్నంటే నాకూ గర్వమే. ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా, మీరు ఆ లాండ్రీ ఆయన అమ్మాయి కదూ అని కుర్చీ వేసేవాళ్ళు.

ఇక బొంగరం సంగతి. అది అన్నయ్యా వదినల ఒక్కగానొక్క కూతురు. నిమిషం కాలు నిలవదు కాబట్టి నాన్నే ఆ పేరు పెట్టాడు, అసలు పేరు బడికి మాత్రమే పనికొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఊరందరి బట్టలూ తెల్లగా మెరిపించే ఇంట్లో పుట్టి ఊరందరికంటే మురికిగా తిరిగేది. చేతులు గౌనుకే తుడుచుకునేది, సిరా పెన్ను మూత లేకుండా జేబులో పెట్టుకునేది, బడి నుంచి వస్తూ వస్తూ వడ్రంగి కొట్లో దూరి చెక్కపొట్టుతో ఇల్లు చేరేది. దీన్ని ఉతికే యంత్రం ఇంకా కనిపెట్టలేదు అని వదిన తిట్టేది. అది కిలకిలా నవ్వి, ఆ చేతులతోనే తల్లి మెడ చుట్టూ వేలాడేది. వదిన చీకాకుపడుతూనే వాటేసుకునేది.

దానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. బడి ఎగ్గొట్టడానికి వేషాలేమో అని నేను ఎగతాళి కూడా చేశాను, అదీ నవ్వింది. తర్వాత జ్వరం తలకెక్కిందన్నారు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చెప్పినదంతా విని అన్నయ్య నా దగ్గరికి వచ్చి, నువ్వోసారి వెళ్ళి మళ్ళీ అడుగు, నాకు సరిగా అర్థం కాలేదు అన్నాడు. అర్థం కాక కాదు. ఆ వారం దాటకముందే మా బొంగరం ఆగిపోయింది.

అంత్యక్రియలైన సాయంత్రం వదిన ఒళ్ళు తెలియకుండా వణుకుతుంటే డాక్టరు సూది వేశాడు. మర్నాడు పొద్దెక్కేదాకా ఆమె లేవలేదు. నేను పక్కనే కూర్చున్నాను. కింద యంత్రం తిరుగుతున్న చప్పుడు వినబడింది. మా ఇంట్లో అది గోడ గడియారం చప్పుడు లాంటిది, చెవిన పడుతుంది గానీ ఎవరూ పట్టించుకోరు. ఇంత జరిగినా ఎవరి పనులు వాళ్ళకు తప్పవు కదా, మా దగ్గరికి ఉతకడానికి వచ్చే ఆసుపత్రి దుప్పట్లేమో అనుకున్నాను.

కాదు. నాన్న బొంగరం గదిలోకి వెళ్ళి, అలమరలో ఉన్నవి, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్నవి, మంచం కింద ఉండచుట్టి పడేసినవి, అన్నీ ఏరి తెచ్చాడు. మేజోళ్ళు, రిబ్బన్లు, దుప్పటి, దిండు గలీబు. పనివాళ్ళెవరినీ దగ్గరికి రానివ్వలేదు. తనే నానబెట్టి, తనే ఉతికి, తనే ఇస్త్రీ చేశాడు. మోకాళ్ళ నొప్పులతో నిలబడలేని మనిషి రాత్రంతా నిలబడ్డాడు. ఎప్పటెప్పటివో సిరా మరకలు కూడా వదలగొట్టాడు. తర్వాత అన్నీ మడతలు పెట్టి దాని మంచం మీద పేర్చాడు. మిగతా ఇళ్ళలోలా ఎవరికో ఇచ్చెయ్యకుండా, ఎవరికి ఇవ్వాలో వదినే చెబుతుందని ఆగాడు. ఆయన మనసులో అదే గొప్ప మర్యాద.

వదిన లేచి నేరుగా ఆ గదికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. మంచం మీద ఆ దొంతర చూసింది. పైనున్న గౌను తీసి మొహానికి ఆనించుకుంది. పక్కన పడేసింది. తర్వాతది తీసింది. అదీ పడేసింది. ఒక్కొక్కటే తీసి, మొహం దాచుకుని, వెదికి, నేల మీద వదిలేస్తోంది. దొంతర అడుగున దిండు గలీబు ఉంది. అది తీసేటప్పటికి గుమ్మం దగ్గరికి నాన్న వచ్చి నిలబడ్డాడు.

"గలీబు కూడానా మామయ్యా?" అంది వదిన.

నాన్నకు వెంటనే అర్థం కాలేదు. నీకోసమేనమ్మా, చూసినప్పుడల్లా నువ్వు బాధపడకూడదని, అని ఏదో అన్నాడు. వదిన గలీబును మెల్లగా మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"వీటిలో మా అమ్మాయి లేదు. అంతా సబ్బే ఉంది."

అరిచి ఉంటే బాగుండేది. అరుపులకు మా ఇంట్లో అలవాటు ఉంది, నేనే రోజూ అరుస్తాను. ఆమె మెల్లగా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి నాన్నతో మాట మానేసింది. కొట్లోకి దిగలేదు. మరకల బల్ల మీద బట్టలు పేరుకుపోయాయి. అన్నయ్య భార్యను సముదాయించలేక, తండ్రిని ఏమీ అనలేక, మేడమెట్ల మీద కూర్చుని సిగరెట్లు కాల్చేవాడు. నాన్న భోజనానికి కూర్చుంటే కంచం దాకా చెయ్యి వెళ్ళేది, నోటిదాకా వచ్చేది కాదు.

ఇలా ఉండగా వర్తక సంఘం అధ్యక్షుడు పరామర్శకు వచ్చాడు. మంచివాడే, పాపం, మాట ఎక్కడ ఆపాలో తెలియదు. సొంత మనవరాలు పోయిన దుఃఖంలో కూడా మీరు నియమం తప్పలేదట కదా, అందరితోపాటే ఆ పిల్ల బట్టలూ ఉతికారట కదా, ఇంతటి మనిషి మా వీధిలో ఉండటం మా అదృష్టం అన్నాడు. ఈసారి సభలో అందరికీ చెప్పాలనుకుంటున్నాం, సన్మానం పెద్ద ఎత్తున చేస్తాం అని కూడా అన్నాడు. వదిన గది తలుపు అవతలే ఉంది. ఆ మాటలన్నీ ఆమెకు వినబడుతున్నాయని నాకు తెలుసు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక లేవండి, నాన్నకు ఒంట్లో బాగాలేదు అని ఆయన్ను దాదాపు రెక్క పుచ్చుకుని మెట్లు దింపాను. నాన్న మాత్రం తల ఎత్తలేదు. చెంపదెబ్బ తిన్న మనిషిలా తన అరచేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ మర్నాడు పొద్దున్నే చొక్కా మార్చుకుని గల్లాబల్ల దగ్గరికి వచ్చాడు. పిల్ల కదా, నాలుగిళ్ళు తిరిగేది కదా, ఎక్కడో ఏదో మర్చిపోయి ఉంటుంది అన్నాడు. ఉతకనిది ఒక్కటి దొరికినా చాలు, నా కోడలి చేతిలో పెడతాను అన్నాడు. నేను వ్యాను తాళాలు తీసుకున్నాను.

ముందు బడికి వెళ్ళాం. ఆటల మాస్టారు మమ్మల్ని చూడగానే లేచి నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. బొంగరం ఆటల గదిలో మర్చిపోయిన స్వెట్టరు ఒకటి ఉందని చెప్పాడు. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మాస్టారు లోపలికి వెళ్ళి ఒక కాగితం సంచి తెచ్చాడు. అందులో స్వెట్టరు చక్కగా మడతపెట్టి ఉంది. మీ ఇంటికి మాసిన బట్ట ఎలా పంపిస్తామండీ, నేనే ఇంటికి తీసుకెళ్ళి ఉతికాను, మీ అంత బాగా రాదనుకోండి, అన్నాడు. నాన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బార్ సబ్బు, నీళ్ళు మార్చి మార్చి జాడించారు అన్నాడు. మాస్టారు మెచ్చుకోలు అనుకుని సంతోషించాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

అక్కడినుంచి దాని స్నేహితురాలి ఇంటికి వెళ్ళాం. సెలవుల్లో రెండు కుటుంబాల పిల్లలూ ఒకరింట్లో ఒకరు పడుకునేవాళ్ళు. బొంగరం వదిలేసిన పైజమా, తలకు కట్టుకునే గుడ్డ ఆ ఇంట్లో ఉన్నాయి. అవీ ఉతికే ఉన్నాయి. మీ నాన్నగారిని చూసే నేర్చుకున్నాం అని ఆ తల్లి నాతో అంది. ఆ పిల్ల మాత్రం తల్లి వెనక నిలబడి, నేను వద్దన్నాను, అమ్మే ఉతికేసింది అని గొణిగి లోపలికి పరుగెత్తింది. వ్యాను ఎక్కాక నాన్న ఆ మాటను పదే పదే అనుకున్నాడు. పిల్ల వద్దందట, పిల్లకు తెలిసిందట అన్నాడు.

చివరికి మిగిలింది వడ్రంగి కొట్టు. అది మా వీధి మలుపులోనే ఉంటుంది. బొంగరం అక్కడ చెక్కముక్కలకు చిత్రిక పడుతూ కూర్చునేది. బట్టలు పాడవకుండా వడ్రంగి తన పాత ముతక గుడ్డ ఒకటి దాని నడుముకు కట్టేవాడు. అది వాళ్ళ కొట్లోదే, మా ఇంటి బట్ట కాదు, దాన్ని ఎవరు ఉతుకుతారని నాన్న ఆశ. నాకూ ఆశగానే ఉంది.

వడ్రంగి ముసలివాడేమీ కాదు, అన్నయ్య ఈడువాడు. అంతకు కొన్నేళ్ళ ముందు అతని భార్య పోయింది. అప్పుడు మూటకట్టి తెచ్చింది నాన్నే. ఆ గుడ్డ సంగతి అడగగానే అతను గోడకున్న మేకు వైపు చూపించాడు. గుడ్డ ఉంది. ముతకది, పాతది, కానీ శుభ్రంగా ఉంది. ఎప్పటికైనా మీరు దీనికోసం వస్తారనుకుని నిన్ననే ఉతికి ఆరేశాను అన్నాడు.

నాన్న అక్కడే పలకల దొంతర మీద కూలబడ్డాడు. అప్పుడు నేనే ఉన్నదంతా చెప్పాను. వదిన సంగతి, మంచం మీద బట్టల సంగతి, పొద్దుట్నుంచీ మేం దేనికి తిరుగుతున్నామన్నది. నా గొంతు పెరిగింది. మీరంతా ఎందుకిలా ఉతికేస్తున్నారు, ఎవరు చెప్పారు మీకు, అని పాపం అతని మీదే విరుచుకుపడ్డాను. వడ్రంగి చేతిలో ఉలి బల్ల మీద పెట్టి నాన్న ఎదుట కూర్చున్నాడు.

"ఆ రోజు మీరు మూట కడుతుంటే మా ఆవిడ శాలువా ఒకటి తీసి దాచుకుందామనుకున్నానయ్యా," అన్నాడు. "మీరంత మంచి పని చేస్తుంటే మధ్యలో చెయ్యి పెట్టడం బాగుండదనిపించింది."

"అడగాల్సింది," అన్నాడు నాన్న.

"మీరు అడిగారా, ఏదైనా ఉంచుకుంటావా అని?"

అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి అడిగినట్టు అడిగాడు. నాన్న ఆ ఊళ్ళో ఇన్నిళ్ళలోంచి ఇన్ని మూటలు మోసుకొచ్చాడు, ఎవరినీ అడగలేదు. అడగాలని తోచలేదు. ఇచ్చిన వాళ్ళంతా దణ్ణం పెట్టి ఇచ్చారు. వద్దనాలంటే మంచితనానికి అడ్డం పడాలి. అంత మొహమాటం లేని మనిషి మా వీధిలో నేనొక్కదాన్నే, నాకు ఊహ తెలిశాక మా ఇంటికి ఆ మూట అవసరం అప్పటిదాకా రాలేదు.

తిరిగి వచ్చేసరికి గల్లాబల్ల మీద ఫోను మోగుతోంది. పక్కవీధిలో ఒక పెద్దావిడ పోయింది, బట్టలు తీసుకెళ్ళడానికి రేపు వస్తారా అని కొడుకు అడుగుతున్నాడు. నేను ఫోను చేత్తో మూసి నాన్నను అడిగాను. తొందరేమీ లేదని చెప్పు, ముందు ఇంట్లో అందరినీ ఎవరెవరికి ఏం కావాలో చూసుకోమను అన్నాడు. నేను ఆ అబ్బాయికి అదే చెప్పాను. అలా కూడా చెయ్యొచ్చా అండీ అన్నాడు. చెయ్యొచ్చు బాబూ అని నేను ఫోను పెట్టేశాను.

అప్పుడు అన్నయ్య మెట్లు దిగి వచ్చాడు. వదిన వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోతానంటోంది అన్నాడు. ఎన్నాళ్ళకు తిరిగొస్తుందంటే తెలియదన్నాడు. ఈ ఇంట్లో ఊపిరి తీసుకుంటే సబ్బు వాసన, ఇక్కడ ఉంటే గుర్తున్న బొంగరం వాసన కూడా పోతుందని ఆమె భయం. సబ్బు వాసన లేని చోటు మా ఇంట్లో ఎక్కడుంది, మా ఒంటికే అది పట్టి ఉంటుంది. నాన్న అంతా విని, మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. నేనూ అన్నయ్యా వెనక వెళ్ళాం.

గది తలుపు తీసే ఉంది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. వదిన సంచిలో బట్టలు సర్దుకుంటోంది. బొంగరం బట్టల్లో ఒక్కటి కూడా తీసుకోలేదు. నాన్న గుమ్మంలోనే నిలబడి, ఎక్కడెక్కడ తిరిగిందీ చెప్పి, ఏమీ దొరకలేదమ్మా అన్నాడు. వదిన తల ఊపింది, చేతులు ఆగలేదు.

"ఆ రోజు నీకోసమే ఉతికానన్నాను. అబద్ధం," అన్నాడు నాన్న.

ఆమె చేతులు ఆగాయి.

"తలుపు వెనక దాని గౌను వేలాడుతోంది. తీసి మొహానికి పెట్టుకున్నాను. అది అక్కడున్నంతసేపూ నేను బతకలేననిపించింది. అందుకే తీసుకెళ్ళి నీళ్ళలో పడేశాను. మీ అత్తయ్యప్పుడూ అంతే. భరించలేక ఉతికాను. ఊరంతా సేవ అంటే, కాబోలు అనుకున్నాను."

నేను గోడకు ఆనుకున్నాను. మా అమ్మ వాసన నాకు తెలియదు. ఫోటోలో మొహం తెలుసు, ఎలా నవ్వేదో అన్నయ్య చెబితే తెలుసు. కానీ పక్కన పడుకుంటే ఆమె దగ్గర ఏ వాసన వచ్చేదో నాకు తెలియదు. ఆ లోటు నాకుందని ఆ నిమిషం దాకా తెలియలేదు. అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. వాడికీ తెలియదు కాబోలు.

వదిన నాన్నకేసి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా న్యాయమే. ఆమె మాత్రం మంచం మీది సంచిని పక్కకు జరిపి, ఆయన కూర్చోవడానికి చోటు చేసింది.

"ఎలా ఉంది?"

"ఏది?"

"ఆ గౌను. మొహానికి పెట్టుకున్నానన్నారుగా. ఎలా ఉంది వాసన?"

మా పనిలో చేతులకంటే ముందు ముక్కు పనిచేస్తుంది. ఏ బట్టనైనా నానబెట్టే ముందు వాసన చూసి, ఏ మరక ఏమిటో, ఏ నీళ్ళలో వెయ్యాలో తేల్చుకుంటాం. నాన్న ఆ రోజు ఎంత అదిరిపోయి ఉన్నా ఆ అలవాటు మానలేదు. ఆ బట్టలన్నిటినీ చివరిసారి వాసన చూసిన మనిషి ఆయనే. వదినకు అది తెలుసు, ఆ పని ఆమెకు నేర్పింది ఆయనే కదా.

నాన్న మంచం అంచున కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మెడ దగ్గర తలనూనె అన్నాడు. చంకల్లో చెమట, ఆటల చెమట కాదు, జ్వరం చెమట, కొంచెం పుల్లగా. కుడి జేబులో నారింజ తొక్క ఎండిపోయి ఉంది, ఆ వాసన జేబు గుడ్డకు పట్టింది. బడి బట్టల మోచేతుల దగ్గర చెక్కపొట్టు, జిగురు, పెన్సిలు పొడి. ఒక మేజోడులో గడ్డి. కొట్లో మరక గురించి చెప్పినంత జాగ్రత్తగా చెప్పాడు. దిండు గలీబు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"చెప్పండి," అంది వదిన.

"పాల వాసన. చిన్నప్పటి లాగానే."

"పాలు తాగి పడుకుని నిద్రలో నోరు తెరిచేది," అంది ఆమె. "ఎంత చెప్పినా మానలేదు."

అప్పుడు ఏడ్చింది. దహనం రోజు నుంచి ఆమె ఏడవగా నేను చూడలేదు. నాన్న కూడా ఏడ్చాడు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. కాసేపటికి వదిన మొహం తుడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, దేనికోసమో లోపల వెతుక్కుంటున్నట్టు కూర్చుంది.

"మాటలు వినబడుతున్నాయి మామయ్యా. వాసన రావట్లేదు."

"నాకూ పోతోందమ్మా," అన్నాడు నాన్న. "రోజుకి కాస్త పోతోంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తోంది."

"అయితే మళ్ళీ చెప్పండి. మొదట్నుంచి."

అమ్మది కూడా చెప్పు నాన్నా అని అడగాలని నా నోటిదాకా వచ్చింది. నోరున్న దాన్నే, అయినా అడగలేదు. ఆ రోజు నా వంతు కాదు.

నాన్న మళ్ళీ గౌను దగ్గర మొదలుపెట్టాడు. మెడ దగ్గర తలనూనె అన్నాడు, జ్వరం చెమట అన్నాడు, తర్వాత బడి బట్టల దగ్గరికి వెళ్ళిపోయాడు. నారింజ తొక్క మర్చిపోయాడు. కుడి జేబులో మామయ్యా, అని వదిన అందించింది.